మూత వేసిన గదిలో ఏం జరుగుతోంది? తేనెటీగల జబ్బులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పొద్దుతిరుగుడు చేలలో తేనెపెట్టెలు పెట్టుకోవడం గురించి గత సంచికలో రాసిన తర్వాత వరంగల్, ములుగు, జగిత్యాల ప్రాంతాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం "ఏ మందు వాడాలి?" అన్న ఒక్క మాట మీదే ఉన్నాయి. మందు పేరు చెప్పడం కష్టమేమీ కాదు. అయితే ఏ జాతి ఈగ, దానికి పట్టినదేమిటి, అది ఏ నెల అన్న మూడూ తెలియకుండా చెప్పిన మందు పెట్టెకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అందుకని ఈసారి కొన్ని ఉత్తరాలనే తీసుకుని కాస్త వివరంగా జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా పొద్దుతిరుగుడు చేను పక్కన ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పది పెట్టాను. దసరా దాకా బాగానే ఉన్నాయి. కార్తీకం వచ్చేసరికి రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు నేల మీద పాకుతున్నాయి. పిల్లల గదుల మూతలకు చిన్న చిన్న రంధ్రాలున్నాయి. పెట్టెలు అమ్మినాయన యాంటీబయాటిక్ పొడిని చక్కెర పాకంలో కలిపి పెట్టమంటున్నాడు. పెట్టమంటారా?
— ఒక రైతు, నర్సంపేట

జవాబు: పెట్టకండి. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. మీరు రాసిన లక్షణాలు బాక్టీరియా వల్ల వచ్చేవి కావు. రెక్కలు ముడతపడి, పొట్ట కురచగా ఉండి, ఎగరలేక పాకే ఈగలు కనిపించాయంటే పెట్టెకు నల్లి పట్టిందని అనుమానించాలి. నల్లి కుట్టిన చోటి నుంచి ఒక వైరస్ లోపలికి ఎక్కి, ఈగ ఇంకా ప్యూపా దశలో, అంటే మూత పడిన గదిలో పిల్ల ఈగగా మారే దశలో ఉండగానే దాని రెక్కలను పాడుచేస్తుంది. మన దేశంలో ఇటాలియన్ ఈగలకు ఇంత నష్టం చేయగల నల్లులు రెండు రకాలు. రెండింటి నడవడి వేరు కనుక, పట్టినది ఏదో తేల్చుకోకుండా చికిత్సకు దిగితే డబ్బూ పోతుంది, అదనూ పోతుంది.

మొదటిది వర్రోవా. ఎరుపు కలిసిన గోధుమ రంగులో, పొడవు కన్నా వెడల్పు ఎక్కువగా, ఒకటిన్నర మిల్లీమీటర్ల అడ్డంతో ఉంటుంది కాబట్టి కంటికి కనబడుతుంది. కాకపోతే ఈగ పొట్ట కింది పలకల సందులో దూరి కూర్చుంటుంది కనుక వెతికితేనే దొరుకుతుంది. పిల్ల గదికి మూత పడబోయే సమయానికి తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. మూత పడ్డాక రెండు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. ఆ తర్వాత సుమారు 30 గంటలకు ఒకటి చొప్పున పెట్టే గుడ్లన్నీ ఆడవి. ఆ గదిలోనే అవి పెరిగి, జతకట్టి, ఈగ మూత కొరుక్కుని బయటికి వచ్చే వేళకు దానితోపాటే బయటపడతాయి. మగ ఈగల గదులు కూలి ఈగల గదుల కన్నా రెండు మూడు రోజులు ఎక్కువగా మూసి ఉంటాయి కనుక వర్రోవాకు వాటి మీదనే మోజు. ఈ నల్లి ఈగ రక్తం పీలుస్తుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. అది ప్రధానంగా తినేది ఈగ ఒంట్లోని కొవ్వు కణజాలాన్ని అని 2019లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన చూపించింది. ఇది చిన్న సవరణ కాదు. ఈగకు రోగాన్ని తట్టుకునే శక్తి, పురుగుమందుల విషాన్ని విరిచే శక్తి, కరువు కాలానికి దాచుకునే పోషకాలు, అన్నీ ఆ కణజాలం మీదనే ఆధారపడి ఉంటాయి. నల్లి పట్టిన పెట్టె మీద మిగిలిన జబ్బులన్నీ ఎందుకు వాలతాయో దీనితో అర్థమవుతుంది.

నల్లి, వైరస్ కలిస్తే ఏమవుతుందో హవాయి దీవులలో స్పష్టంగా తెలిసింది. అక్కడికి 2007లో వర్రోవా చేరింది. అంతకు ముందు రెక్కల వైరస్ పదింట ఒక గూట్లో మాత్రమే ఉండేది. నల్లి స్థిరపడిన దీవులలో అది దాదాపు ప్రతి గూటికీ పాకిందని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అంటే వైరస్ కొత్తది కాదు, కొత్తగా వచ్చినది దానికి సూది పట్టిన చేయి మాత్రమే.

రెండవ నల్లి ట్రోపిలేలాప్స్. మన ప్రాంతంలో దీనిని తక్కువగా అంచనా వేస్తున్నామని నా అభిప్రాయం. పొడవు ఒక మిల్లీమీటరుకు లోపే, సన్నగా కోలగా ఉండి, వెలుతురు తగలగానే గది అంచుల మీదుగా గబగబా పరుగెత్తుతుంది. దీని అసలు పుట్టిల్లు మన రావిచెట్ల మీద, నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పెద్ద తేనెటీగ పట్టు. నర్సంపేట నుంచి పాఖాల వైపు అడవి ఉండనే ఉంది. అటువైపు పెద్ద పట్లు కట్టే చెట్లకు కొదవ లేదు. ఒకే పువ్వు మీద వాలినప్పుడో, బలహీనపడిన గూటిని మరొక గూటి ఈగలు దోచుకునేటప్పుడో నల్లి ఒక జాతి నుంచి మరొక జాతికి మారే అవకాశం ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. వర్రోవాను శాస్త్రజ్ఞులు మొదట 1904లో జావా దీవిలో, ఆసియా పుట్ట తేనెటీగ మీద గుర్తించి వర్ణించారు. పుట్ట తేనెటీగ ఆ నల్లితో తరతరాలుగా కలిసి బతికింది కనుక తనను తాను కాపాడుకోవడం నేర్చుకుంది: ఒంటి మీది నల్లిని దులుపుకుంటుంది, తోటి ఈగల చేత ఏరించుకుంటుంది, నల్లి పట్టిన కూలి పిల్లను గదిలోంచి లాగి పారేస్తుంది. దాని గూట్లో వర్రోవా సంతానం మగ ఈగల గదుల్లో తప్ప పెరగలేదు. పెద్ద తేనెటీగ మరో దారి పట్టింది. కాలం మారగానే పట్టును, అందులోని నల్లులతో సహా, వదిలేసి వలసపోతుంది. ఇటాలియన్ ఈగను మన దేశానికి తెచ్చి స్థిరపరచింది 1960లలో, పంజాబ్, హిమాచల్ ప్రాంతాలలో. ఎక్కువ తేనె ఇస్తుంది, పెట్టె వదిలి పోదు, నిజమే. కానీ ఈ రెండు నల్లులనూ ఎదుర్కొనే విద్య దానికి పుట్టుకతో రాలేదు. పెట్టె వదిలి పోదన్న ఆ గుణమే నల్లికీ వరమైంది. అందుచేత ఆ ఈగను తెచ్చుకున్న మనమే దాని బదులు నల్లిని లెక్కపెట్టాలి.

లెక్కపెట్టే పద్ధతి ఇది. పిల్లలున్న ఫ్రేమును తీసి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. ఈగలను వెడల్పాటి టబ్బులోకి దులిపి, అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, మూతకు బదులు సన్నజాలీ బిగించిన సీసాలోకి ఎత్తండి. జాలీ మీదుగా రెండు పెద్ద చెంచాల మెత్తని చక్కెర పొడి వేసి, ఈగలన్నింటికీ పట్టేలా సీసాను నెమ్మదిగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత సీసాను తలకిందులు చేసి తెల్లని పళ్లెంలోకి గట్టిగా ఆడించండి. పొడి మీద కాసిని నీళ్లు చల్లితే చక్కెర కరిగి నల్లులు గోధుమ రంగు చుక్కలుగా బయటపడతాయి. ఆ లెక్కను మూడుతో భాగిస్తే నూరు ఈగలకు ఎన్నో తెలుస్తుంది. నూటికి మూడు దాటితే ఇక ఆలస్యం పనికిరాదు. ఈగలు చావవు, పెట్టెలోకి తిరిగి వదిలితే తోటి ఈగలే నాకి శుభ్రం చేస్తాయి.

అయితే ఈ చక్కెర పరీక్ష వర్రోవాకే సరిపోతుంది. ట్రోపిలేలాప్స్ ఎదిగిన ఈగను కుట్టజాలదు. దాని నోరు మెత్తని పిల్లలకే పనికివస్తుంది. కనుక ఎదిగిన ఈగల మీద అది దొరకడం అరుదు. దాని కోసం మూత ఉన్న గదులు ఒక నూరు సన్న చిమటాతో విప్పి, ప్యూపాలను లాగి చూడాలి. లేదా ఈగలను దులిపేసిన పిల్లల ఫ్రేమును తెల్లని పళ్లెం మీద గట్టిగా తట్టి, రాలి పరుగెత్తేవి ఉన్నాయేమో చూడాలి. పిల్లలు లేని గూట్లో ఈ నల్లి కొద్ది రోజులకు మించి బతకదు. దాని బలహీనత అదే. రాణిని చిన్న పంజరంలో పెట్టి మూడు వారాలపాటు గుడ్లు పెట్టనివ్వకపోతే, కూలి ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి పట్టేది 21 రోజులు కనుక, ఉన్న పిల్లలన్నీ బయటికి వచ్చి గూడు ఖాళీ అవుతుంది. నల్లికి తిండి లేకుండా పోతుంది. అదే సమయానికి వర్రోవా కూడా దాక్కోవడానికి మూత ఉన్న గది లేక ఎదిగిన ఈగల మీదనే ఉంటుంది కాబట్టి, మూతలు దాటి లోపలికి వెళ్లలేని ఆక్సాలిక్ ఆమ్లం అప్పుడే బాగా పనిచేస్తుంది.

ఫార్మిక్ ఆమ్లం ఆవిరి మూతల లోపలికి కూడా పోతుంది. కానీ పగటి వేడి 30 డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా ఎక్కువై పిల్లలు, కొన్నిసార్లు రాణి కూడా చనిపోతాయి. చల్లని దేశాల పుస్తకాలలో చెప్పిన మోతాదును వరంగల్ ఎండలో మార్చి నెలలో వాడడమంటే పెట్టెను చేజేతులా చంపుకోవడమే. మనకు అందుకు తగిన రోజులు డిసెంబరు, జనవరి నెలల్లోనే ఎక్కువ. రెండు ఆమ్లాలూ చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోరానివి. మోతాదును మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో అడిగి, ఒక పెట్టెలో చూసి, ఆ తర్వాతే మిగిలిన వాటికి వాడండి. పేరు లేని మందులో ముంచిన చెక్కముక్కలను కొనకండి. ఒకే మందును ఏళ్ల తరబడి వాడినచోట నల్లి దానికి అలవాటు పడుతుంది. అమెరికాలో కూలిపోయిన గూళ్ల నుంచి తీసిన నల్లులలో అమిట్రాజ్ మందును తట్టుకునే లక్షణం ఉందని అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించారు.

యాంటీబయాటిక్ విషయంలో మరొక మాట. అవసరం లేకుండా వాడిన ఆ మందు తేనెలోకి చేరుతుంది. మందుల అవశేషాల మీద నిఘా సరిగా లేదన్న కారణంతో 2010లో ఐరోపా సమాఖ్య మన దేశపు తేనె దిగుమతిని కొంతకాలం ఆపివేసింది. దాని దెబ్బ తగిలింది మందు వాడని పెంపకందార్లకు కూడా.

ప్రశ్న: మేము తాడ్వాయి దగ్గర పుట్ట తేనెటీగలను చెక్కపెట్టెల్లో సాకుతున్నాము. రెండు గూళ్లలో పిల్లలు గదిలోనే తల పైకెత్తి చచ్చిపోతున్నాయి. పట్టుకుని లాగితే నీళ్లు నిండిన తిత్తిలా వస్తున్నాయి. ఒక గూటి ఈగలు లేచిపోయాయి కూడా. మగ ఈగల గదుల మూతల మీద నడిమధ్యన ఒక్కో రంధ్రం కూడా ఉంది. ఇదంతా నల్లియేనా?
— ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: రెండు వేర్వేరు సంగతులు మీ ఉత్తరంలో కలిసిపోయాయి. రంధ్రం సంగతి ముందు చెబుతాను, అది భయపడవలసినది కాదు. పుట్ట తేనెటీగ మగ గదుల మూతకు నడిమధ్యన సన్నని రంధ్రం ఉండడం ఆ జాతి సహజ లక్షణం. ఇటాలియన్ ఈగలను చూసి అలవాటైనవారు దీనిని జబ్బుగా పొరబడుతుంటారు. కూలి ఈగల గదుల మూతలకు, అదీ అంచులు చిరిగి, వంకరటింకరగా రంధ్రాలుంటేనే అనుమానించాలి.

తిత్తిలా వచ్చే పిల్లలు మాత్రం థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బును సూచిస్తున్నాయి. ఎదిగిన పిల్ల చివరిసారి కుబుసం విడవలేక, పాత చర్మానికీ ఒంటికీ మధ్య నీరు చేరి, గదిలో నిలువుగా చాచుకుని చనిపోతుంది. మొదట పాలిపోయిన పసుపు రంగులో ఉండి, తల దగ్గర నుంచి నల్లబడుతూ వచ్చి, ఎండిపోయాక రెండు కొసలూ పైకి లేచిన పొట్టుగా మిగులుతుంది. ఆ పొట్టు గది గోడకు అంటుకోదు, తేలికగా ఊడివస్తుంది, పెద్దగా వాసన ఉండదు. ఈ మూడు గుర్తులూ పెట్టుకుంటే బాక్టీరియా వల్ల వచ్చే కుళ్లు జబ్బుల నుంచి దీనిని విడదీయవచ్చు.

ఈ వైరస్ 1970ల చివరిలో ఈశాన్య రాష్ట్రాలలో కనిపించి, 1990ల మొదట్లో కేరళ, కర్ణాటక, తమిళనాడులను కుదిపేసింది. అక్కడ పుట్ట తేనెటీగల గూళ్లలో నూటికి తొంభైకి పైగా పోయాయని లెక్కలున్నాయి. నల్లిని గెలిచిన ఈగ వైరస్ ముందు ఓడింది. ఏ జాతి ఏ శత్రువుతో ఎంతకాలం కలిసి బతికిందన్నదే ప్రతిచోటా తేడా తెస్తుంది. దక్షిణాదిన ఈ పెంపకం మళ్లీ లేచి నిలబడడానికి కారణం మందు కాదు. ఎవరూ చికిత్స చేయకుండానే మిగిలిపోయిన గూళ్ల నుంచి విభజించుకుంటూ వచ్చారు. ఆ గూళ్లలోని కూలి ఈగలు జబ్బు పడిన పిల్లను తొందరగా పసిగట్టి పారేసేవి.

మీరు చేయవలసింది కూడా దానికి దగ్గరలోనే ఉంది. జబ్బు ఉన్న గూటి పిల్లల పట్టును మరొక గూటికి మార్చకండి. చేతులు, కత్తి, పొగడబ్బా సబ్బునీళ్లతో కడిగి గాని మరొక పెట్టె తెరవకండి. రాణిని కొన్నాళ్లు పంజరంలో ఉంచి కొత్త పిల్లలు రాకుండా చేస్తే వైరస్ పెరిగేందుకు ఒళ్లు దొరకదు, ఈలోగా కూలి ఈగలు గదులను శుభ్రం చేసుకుంటాయి. ఆకలిగా ఉన్న గూడు ఈ పని చేయదు కనుక ఆ రోజుల్లో చక్కెర పాకం పెట్టాలి. జబ్బు రాని గూళ్లు ఏవో గుర్తు పెట్టుకుని, వచ్చే పూత కాలంలో రాణులను వాటి నుంచే తీయండి. వైరస్ జన్యువుకు అడ్డుపడే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను పాకంలో పెట్టి చైనాలోను, ఇతర దేశాలలోను ప్రయోగాలు చేశారు. ప్రయోగశాలలో అవి ఆశాజనకంగా ఉన్నాయి గాని, ఇప్పటికి మీ చేతిలో ఉన్న సాధనం మాత్రం మంచి గూటిని ఎంచుకోవడమే. లేచిపోయిన గూటి పాత పట్లను మాత్రం అలాగే వదలకండి. దోపిడీ ఈగలు అక్కడికి వచ్చి జబ్బును మోసుకుపోతాయి.

ప్రశ్న: తేనెటీగలకు టీకా వచ్చిందని చదివాను. మా పెట్టెలకు వేయించవచ్చునా?
— ఒక యువ రైతు, జగిత్యాల

జవాబు: 2023 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ షరతులతో ఒక టీకాకు అనుమతి ఇచ్చింది. అది సూది మందు కాదు. చంపిన బాక్టీరియాను రాణిని సేవించే ఈగలకు పెట్టే తిండిలో కలుపుతారు. వాటి ద్వారా రాణికి, రాణి ద్వారా గుడ్లకు ఆ రక్షణ చేరుతుంది. ఈగకు మనలాగా ప్రతిరక్షకాలు తయారుకావు కనుక తల్లి నుంచి పిల్లకు రోగజ్ఞానం అందుతుందన్న ఆలోచననే మొదట చాలామంది నమ్మలేదు. గుడ్డులోకి చేరే ఒక మాంసకృత్తు బాక్టీరియా ముక్కలను మోసుకుపోతుందని ఫిన్లాండ్ పరిశోధకులు చూపిన తర్వాతే దారి దొరికింది.

అయితే ఆ టీకా అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే ఒక్క కుళ్లు జబ్బు కోసం తయారైంది. దాని బీజాలు 35 ఏళ్లకు పైగా బతికి ఉండగలవు. అందుకే ఆ జబ్బు ఖాయమైతే చాలా దేశాలలో పెట్టెను కాల్చివేస్తారు. మీ పెట్టెలో ఆ జబ్బు ఉందేమో తెలుసుకోవాలంటే, కుంగిపోయి చెమ్మగా ఉన్న మూతలోకి అగ్గిపుల్ల గుచ్చి నెమ్మదిగా పైకి లాగండి. చనిపోయిన పిల్ల రెండు మూడు సెంటీమీటర్ల పొడవున గోధుమ రంగు తీగలా సాగితే వెంటనే ఆ పెట్టెను వేరుచేసి, పట్టుముక్కను పొలాస పరిశోధన స్థానానికి తీసుకువెళ్లండి. సాగకపోతే మీ సమస్య టీకాతో తీరేది కాదు, నల్లి లెక్క మొదలుపెట్టండి.

ప్రశ్న: కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. తేనెటీగల జబ్బుల మీద చిన్న పరిశోధన చేయాలని ఉంది. జన్యు పరీక్షల యంత్రాలు అందుబాటులో లేవు. సూక్ష్మదర్శిని మాత్రం ఉంది.
— ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: సూక్ష్మదర్శిని ఉంటే చాలానే చేయవచ్చు. నొసీమా మీద పని చేయండి. ఇది ఈగ పేగు గోడ కణాలలో పెరిగే ఏకకణ పరాన్నజీవి. 1909లో ఐరోపాలో ఒక జాతిని, 1996లో చైనాలోని పుట్ట తేనెటీగలలో మరొక జాతిని వర్ణించారు. ఆ రెండవది కూడా ఇటాలియన్ ఈగలోకి దూకి, ఇప్పుడు దాదాపు ప్రపంచమంతటా వ్యాపించింది. దానిలో మొదటి జాతికి పేరుపడ్డ విరేచనాల చారలు పెట్టె ముందు కనిపించవు కనుక గూడు కారణం తెలియకుండా చిక్కిపోతుంది. పెట్టె ద్వారం దగ్గర పట్టిన ముసలి మేత ఈగలను ముప్పై దాకా తీసుకుని, పొట్టలను వేరుచేసి, ఈగకు ఒక మిల్లీలీటరు చొప్పున నీళ్లు పోసి నూరి, వడగట్టి, రక్తకణాలు లెక్కపెట్టే పలక మీద 400 రెట్లలో చూడండి. వడ్లగింజ ఆకారంలో మెరిసే బీజాలు కనిపిస్తాయి. లేత ఈగలను తీసుకుంటే లెక్క తక్కువగా వచ్చి తప్పుదారి పట్టిస్తుంది. రెండు జాతులను కంటితో విడదీయలేరు కనుక మీ నివేదికలో "నొసీమా బీజాలు" అని మాత్రమే రాయండి. 2020 తర్వాతి వ్యాసాలలో ఈ రెండు జాతులూ వైరిమోర్ఫా అన్న పేరుతో కనిపించవచ్చు, తికమకపడవద్దు.

ఇంకా మంచిది సూది పరీక్ష. గూడు ఎంత శుభ్రంగా ఉందో, అంటే చచ్చిన పిల్లను ఎంత తొందరగా పారేస్తుందో ఇది కొలుస్తుంది. మూత ఉన్న గదులలో కళ్లకు ఇంకా రంగు ముదరని ప్యూపాలను ఎంచుకుని, ఒక్కో గూట్లో నూరింటిని సన్న సూదితో మూత మీదుగా పొడిచి, పక్కనే నూరు గదులను ముట్టుకోకుండా గుర్తుపెట్టి, 24 గంటల తర్వాత ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కించాలి. ఈ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు రోథెన్‌బూలర్ 1964లో చూపించాడు: కొన్ని గూళ్లు మూత తీసేవి గాని పిల్లను లాగేవి కావు, కొన్ని మూత తీసి ఇస్తే లాగేవి. రెండు జన్యువులతో తేలుతుందనుకున్న ఆ విషయంలో చాలా జన్యువుల పాత్ర ఉందని తర్వాత బయటపడింది. ఇటాలియన్ ఈగ మీద ఇలాంటి పని బోలెడంత జరిగింది. మీ దగ్గర ములుగు అడవి అంచున సాకే పుట్ట తేనెటీగలు ఉన్నాయి. వాటిలో శాక్‌బ్రూడ్ వచ్చిన గూళ్లను, రాని గూళ్లను పోల్చి ఈ పరీక్ష చేస్తే అది ఇక్కడి పెంపకందార్లకు నేరుగా పనికివచ్చే పని అవుతుంది. ములుగు పాఠకుడి ప్రశ్న పైన చదివే ఉంటారు.

ప్రశ్న: సెల్ టవర్ల వల్ల తేనెటీగలు అంతరించిపోతున్నాయట, నిజమేనా?
— ఒక ఉపాధ్యాయుడు, పెద్దపల్లి

జవాబు: ఈ ఉత్తరం రాని ఏడాది లేదు. 2006 చివరిలో అమెరికాలో పెట్టెల నుంచి ఈగలు చచ్చిన ఆనవాలు కూడా లేకుండా మాయమవడం మొదలైంది. ఆ తర్వాత కొద్ది నెలలకే, జర్మనీలో తీగలేని ఇంటి ఫోను పీఠాలను తేనెపెట్టెల్లో పెట్టి చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని బ్రిటన్ పత్రిక ఒకటి సెల్‌ఫోన్లకు ముడిపెట్టి రాసింది. ఆ పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది. టవరు మీద పెద్ద తేనెటీగలు పట్టు కట్టిన దృశ్యం మన ఊళ్లలో అరుదు కాదు, చూసే ఉంటారు.

ప్రశ్న: జబ్బు పడిన గూటి తేనె తింటే మనకు ఆ జబ్బు వస్తుందా?
— ఒక గృహిణి, వరంగల్

జవాబు: రాదు. ఈగల వైరస్‌లు, నల్లులు, కుళ్లు బాక్టీరియా మనిషికి అంటవు. కానీ ఆ తేనెను ఈగలకు మేతగా పెట్టకూడదు. ఏడాది నిండని పసిపిల్లల నాలుకకు మాత్రం ఏ తేనే, ఎంత మంచిదైనా, రాయవద్దు. అందులో ఉండగల బోటులిజం బీజాలు పసివాళ్ల పేగులో మొలకెత్తి ప్రాణం మీదికి తేగలవు. పుట్టగానే తేనె నాకించే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లలో పెద్దలకు ఈ సంగతి నచ్చజెప్పండి.

ప్రశ్న: మా మిర్చి చేను పక్కనున్న నాలుగు పెట్టెల ముందు ఒకేరోజు ఈగలు కుప్పలుగా చచ్చిపడ్డాయి. ఏ జబ్బు ఇంత తొందరగా చంపుతుంది? నమూనా ఎలా పంపాలి?
— ఒక రైతు, పరకాల

జవాబు: ఇంత తొందరగా చంపే జబ్బు ఏదీ లేదు. జబ్బు ఒక్కో పెట్టెలో ఒక్కో తీరుగా, వారాల తరబడి నడుస్తుంది. బలహీనమైన పెట్టెను ముందు పడగొడుతుంది. నాలుగు పెట్టెలూ ఒక్కరోజే దెబ్బతిని, బలమైన పెట్టెల ముందే ఎక్కువ శవాలుండి, కొన్నింటి నాలుక బయటికి చాచి, కాళ్లకు ఇంకా పుప్పొడి అంటుకుని ఉంటే అది పురుగుమందు. పిల్లల పట్టు ఆ రోజు చూడడానికి చక్కగానే ఉంటుంది; మేపే ఈగలు లేక నాలుగు రోజులకు అవీ చనిపోతాయి, అప్పుడు చూసినవారు దానినే జబ్బు అనుకుంటారు.

2021లో కొత్త రకం తామర పురుగు మిర్చి మీద విరుచుకుపడినప్పటి నుంచి మన రైతులు వారానికి రెండు మూడు మందులు చల్లుతున్నారు. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు చేరాలంటే తప్పదన్న వారి మాటను నేను కొట్టిపారేయను. కానీ ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సాం వంటివి ఈగలకు అతి తక్కువ మోతాదులోనే విషం. చంపని మోతాదు కూడా మంచిది కాదు. థయోమెథాక్సాం స్వల్పంగా తగిలిన ఈగలు దారి తప్పి గూటికి చేరలేకపోయాయని, వాటి వీపున చిన్న గుర్తింపు చిప్పులు అంటించి ఫ్రెంచి పరిశోధకులు 2012లో చూపించారు. ఇమిడాక్లోప్రిడ్ తగిలిన గూళ్ల ఈగలలో నొసీమా బీజాలు ఎక్కువగా పెరిగాయని అదే ఏడాది మరొక బృందం తెలిపింది. ఐరోపా సమాఖ్య ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సాం సహా వాటి కోవలోని మూడు మందులను 2018లో ఆరుబయట వాడకం నుంచి తొలగించింది. మీ పక్క రైతును మందు మానమనలేకపోయినా, ఉదయం పూట కాకుండా ఈగలు గూటికి మళ్లిన తర్వాత, సాయంత్రం చల్లమని అడగవచ్చు. ముందురోజు కబురు చేయమనవచ్చు. కబురు అందితే పెట్టెను రాత్రికి రాత్రి రెండు మూడు కిలోమీటర్లకు మించి దూరం తరలించడం మేలు. తరలించలేకపోతే తలుపు వేసి, తడి గోనెసంచి కప్పి, గాలి ఆడేలా పైన జాలీ పెట్టి నీడలో ఉంచండి. ఎండలో బిగించి మూసిన పెట్టె పురుగుమందు లేకుండానే ఉడికిపోతుంది.

నమూనా విషయం. చచ్చిన ఈగలు అదే రోజు తీసినవై ఉండాలి. ఎండలో రెండు రోజులు పడి ఉన్నవాటిలో మందు విరిగిపోతుంది. రెండు గుప్పెళ్ల ఈగలను కాగితపు కవరులో వేసి, దానిని మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే అరలో ఉంచి, ఐస్ ముక్కల మధ్యనే తీసుకువెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి బయట పెడితే తెల్లవారేసరికి కుళ్లిపోతాయి. కవరు మీద తేదీ, పెట్టెల సంఖ్య, చుట్టుపక్కల చేలలో ఏ పంట పూత మీద ఉందో, ఏ మందు ఎప్పుడు చల్లారో రాయండి. ఏ మందు కోసం వెతకాలో తెలియని ప్రయోగశాల అన్నింటికోసం వెతకవలసి వస్తుంది, ఖర్చు దానికి తగ్గట్టే ఉంటుంది. వీలైతే పొలం గట్టున పడేసిన ఖాళీ మందు సీసా మీది చీటీని కూడా ఫోటో తీసి జతచేయండి.